మొహమాటం ఒప్పుదల కాదు

ఆరోగ్య పరిశోధన డాక్టర్ల సొత్తు కాదనీ, రోగంతో బతుకుతున్న మామూలు జనం కూడా పరిశోధకులు కావచ్చుననీ ఇప్పుడు చాలాచోట్ల అంటున్నారు. తమ ఊరి బోరునీళ్ళు తామే పరీక్షించుకోవడం, తమ వీధిలో ఎంతమందికి మోకాళ్ళు పట్టేశాయో ఇల్లిల్లూ తిరిగి తామే రాసుకోవడం, ఆ లెక్క పట్టుకొని అధికారిని నిలదీయడం. దీనికి పౌరవిజ్ఞానమని కొందరు, ప్రజాపరిశోధన అని కొందరు పేరు పెట్టారు. పేరేదైనా పని మంచిది. దానిమీద నాకు పేచీ లేదు. నా పేచీ అంతా దాని చుట్టూ చేరిన రెండు రకాల పెద్దమనుషులతో.

ఒకరు పైనుంచి మాట్లాడతారు. "మీకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? లేకపోతే అది పరిశోధన కాదు, రచ్చబండ కబుర్లు" అంటారు. రెండోవారు మన పక్కనే కూర్చుని మాట్లాడతారు. "మన రోగం మనం లెక్కపెట్టుకోవడానికి ఎవడి అనుమతి కావాలి? నీతినియమాలు కంపెనీలకు, బయటినుంచి వచ్చేవాళ్ళకు. మనకెందుకు?" అంటారు. మొదటివారిది గర్వం, రెండోవారిది ఆవేశం. ఈ ఇద్దరి మధ్య నష్టపోయేవాడు మాత్రం ఒక్కడే, వేలిముద్ర వేసేవాడు.

ఈ మాట అనడానికి నువ్వెవరివి అని పాఠకులు అడగవచ్చు. నేను డాక్టర్ని కాను, శాస్త్రజ్ఞుణ్ణి కాను. హొసూరు చుట్టుపక్కల పల్లెల్లో సర్వేలకని వచ్చేవారికి చాలా ఏళ్ళుగా దుబాసీగా తిరుగుతున్నవాణ్ణి. వాళ్ళ తమిళాన్నీ ఇంగ్లీషునూ మావాళ్ళకు తెలుగులో చెప్పడం, మావాళ్ళ తెలుగును తిప్పి వాళ్ళకు చెప్పడం నా పని. అందువల్ల పెద్ద చదువులవారికి కనబడనిది ఒకటి నాకు కనబడింది. మనిషి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కాగితంమీద జరగదు. కాగితం వచ్చేలోపలే, అరుగుమీద, అడిగినవాడి ముఖం చూసి జరిగిపోతుంది.

ముందుగా గర్వం సంగతి చూద్దాం.

సామాన్యుడు పరిశోధన చేయలేడన్నది చరిత్ర తెలియనివాళ్ళ మాట. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన సహచరులూ నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉన్నదని వైద్యపత్రికలో రాశారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని జిల్లా. పుస్తకాల్లో నిలిచింది షార్ట్ పేరే. కాని ఈ జబ్బు చరిత్ర రాసినవారు ఇంకో సంగతి కూడా చెబుతారు. 1930ల మొదట్లోనే రైతులు తమ ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయని పసిగట్టారు. కాడి కింద ఎద్దు కాలు ఎత్తలేకపోవడాన్ని మొదట చూసింది పొలంలో నిలబడ్డవాడు. ఆ రైతుల పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

ఇప్పటి కాలానికి రండి. తమిళనాడులో కడలూరు సిప్కాట్ పారిశ్రామికవాడ పక్కన పల్లెలున్నాయి. ఫ్యాక్టరీల గాలికి కళ్ళు మండుతున్నాయని, ఊపిరి ఆడడంలేదని జనం మొత్తుకుంటే, రుజువేదని అడిగేవారు. 2004లో ఆ పల్లెవాసులు కొందరు శిక్షణ పొంది తామే గాలికి కాపలా కాశారు. ఏ వేళ ఏ వాసన వచ్చింది, గాలి ఏ దిక్కునుంచి వీచింది, ఒంట్లో ఏమయింది అన్నీ పుస్తకంలో రాసుకున్నారు. మామూలు ప్లాస్టిక్ బకెట్‌లో సంచీ అమర్చి గాలిని పట్టి ప్రయోగశాలకు పంపించారు. ఆ గాలిలో విషరసాయనాలు ఉన్నాయని తేలింది, నివేదిక వెలువడింది. "మీ ముక్కు సాక్ష్యం చెల్లదు" అన్నవాళ్ళకు ఆ ముక్కే జవాబు చెప్పింది.

విదేశాల ముచ్చట ఒకటి. ఏ.ఎల్.ఎస్. అని నరాలను తినేసే జబ్బు ఉంది. కండలన్నీ ఒక్కొక్కటే చచ్చుబడిపోతాయి. లిథియం అనే మందు ఆ జబ్బును నెమ్మదింపజేస్తుందని 2008లో ఇటలీనుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. రోగులకు కాలం ఎక్కడిది? కొందరు తమ డాక్టర్లచేత రాయించుకొని లిథియం వేసుకున్నారు. ఏం జరుగుతున్నదో 'పేషెంట్స్ లైక్ మీ' అనే వేదికలో ఎప్పటికప్పుడు రాసిపెట్టారు. అలా 149 మంది రాసిన వివరాలను అదే జబ్బున్న ఇతరుల వివరాలతో పోల్చి చూస్తే, మందు వల్ల ఉపయోగం కనబడలేదు. 2011లో ఆ ఫలితం 'నేచర్ బయోటెక్నాలజీ' పత్రికలో అచ్చయింది. తమకు ఆశ ఇచ్చిన మందు పనిచేయదని రోగుల లెక్కలే నిజాయితీగా చెప్పాయి. ఇంతకన్నా శాస్త్రబుద్ధి ఏం కావాలి?

కాబట్టి చేయగలరా అన్నది తీరిపోయిన ప్రశ్న. చేస్తున్నప్పుడు ఇంకొకరికి హాని జరగకుండా చూడడం ఎలా అన్నదే మిగిలిన ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పవలసిన తలుపు మనకు మూసి ఉంది.

ఆ తలుపు ఎలా కట్టారో చెబుతాను. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐ.సి.ఎం.ఆర్., మనుషులమీద జరిగే ఆరోగ్య పరిశోధనలకు నైతిక మార్గదర్శక సూత్రాలు రాసింది. ఇప్పుడు చెల్లుతున్నవి 2017లో వచ్చాయి. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ఆరోగ్య పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీలు రిజిస్టరు కావాలన్నారు. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, డాక్టర్లతోపాటు న్యాయం తెలిసినవారు, సమాజశాస్త్రం తెలిసినవారు, ఒక సామాన్య వ్యక్తి ఉండాలి, సగంమంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి. ఇవన్నీ మంచి నియమాలు. ఊరికే పుట్టినవి కావు, ఎందరో అమాయకుల మీద జరిగిన అన్యాయాలనుంచి పుట్టాయి.

అయితే ఈ ఏర్పాటంతా సంస్థను కళ్ళముందు పెట్టుకొని చేసింది. ఆసుపత్రికి కమిటీ ఉంటుంది, వైద్యకళాశాలకు కమిటీ ఉంటుంది. సొంత కమిటీ లేని సంస్థ ఇంకో సంస్థతో ఒప్పందం రాసుకొని వాళ్ళ కమిటీకి వెళ్ళవచ్చు. మరి ఊరి మహిళా సంఘం ఎవరితో ఒప్పందం రాసుకోవాలి? బీడీలు చుట్టే పదిమంది ఆడవాళ్ళు తమ దగ్గు గురించి తామే లెక్క రాద్దామనుకుంటే ఏ గుమాస్తా ముందు నిలబడాలి? మాకు తెలిసిన కుర్రవాళ్ళు కొందరు నీళ్ళ పరీక్ష మొదలుపెట్టబోతూ ఒక పెద్ద సంస్థకు వెళ్ళి సలహా అడిగారు. ప్రధాన పరిశోధకుడి డిగ్రీ ఏమిటని అడిగారు. ప్రోటోకాల్ ఇంగ్లీషులో తెమ్మన్నారు. రుసుము ఎంతో చెప్పారు. "ఒక ఇంట్లో పసిపాప ఉంటే ఏం చేయాలి, ఎవరైనా వద్దంటే ఊళ్ళో మాట పడకుండా ఎలా చూడాలి" అని వీళ్ళు అడగదలచిన ప్రశ్నలను మాత్రం వినేవాడు దొరకలేదు.

ఆ తర్వాత జరిగేది మనకు తెలిసిందే. గత్యంతరం లేక ఆ కుర్రవాళ్ళు ఎవరో పెద్దాయన ప్రాజెక్టులో వాలంటీర్లవుతారు. చేతికి టోపీ, సంచీ, సర్టిఫికెట్టు వస్తాయి. ఎండలో తిరిగి సీసాలు పోగుచేసేది వీళ్ళు, ప్రశ్న ఆయనది, లెక్క ఆయనది, అచ్చయ్యే పేరు ఆయనది. ఫలితం ఊరికి తిరిగి రాదు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఇవతల ఉద్దానంలో కిడ్నీజబ్బుతో ఊళ్ళకు ఊళ్ళు కుంగిపోయాయి. అక్కడివారు ఎన్నిసార్లు రక్తం, మూత్రం ఇచ్చి ఉంటారు! "తీసుకుపోయినవాళ్ళు ఏం తేలిందో చెప్పిపోయారా" అని వాళ్ళు అడిగితే అది మూర్ఖుల ప్రశ్న కాదు. పరిశోధనలో మొదటి నీతి అదే.

ఇక ఆవేశం సంగతి. ఇక్కడ నా స్నేహితులకు కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పక తప్పదు.

"బయటివాడు వస్తే మోసం చేస్తాడు, మనవాడు మనల్ని ఎందుకు చేస్తాడు" అన్న వాదం వినడానికి బాగుంటుంది. మోసం చేయడు సరే, హాని చేయవచ్చు. బయటివాణ్ణి "పోవయ్యా" అనడం సులువు. మనవాణ్ణి అనగలమా? అడగడానికి వచ్చింది పక్కింటి సుబ్బక్క కోడలు. నిన్న పురుటికి మంచం అరువిచ్చిన ఇల్లు. రేపు చావుకైనా పెళ్ళికైనా ముందు వచ్చేది ఆమే. ఆమె సీసా చేతిలో పెట్టి "ఉదయం పట్టి ఉంచు పెద్దమ్మా" అంటే, కాదనడానికి నోరు వస్తుందా? దీన్ని మన భాషలో మొహమాటం అంటారు. ఇంగ్లీషు నీతిశాస్త్రంలో బలవంతం గురించి ఉంది, ప్రలోభం గురించి ఉంది. మొహమాటం గురించి మనమే రాయాలి. ఎందుకంటే మన పల్లెల్లో సగం సంతకాలు మొహమాటంతో పడుతున్నాయి. మొహమాటం ఒప్పుదల కాదు.

రెండో సంగతి, గుట్టు. నగరంలో పరిశోధకుడికి మూడువందల నలభయ్యో నంబరు ఇల్లు ఎవరిదో తెలియదు. మన ఊళ్ళో పేరు కొట్టేసి నంబరు వేసినా తెలిసిపోతుంది. "రెండో వీధి, వితంతువు, యాభై అయిదేళ్ళు, మేకలు మేపుతుంది" అని రాస్తే ఇంక పేరు రాయడమెందుకు? మా వైపు ఒక ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, చదువుకున్న పిల్లలు మంచి మనసుతోనే ఇల్లిల్లూ తిరిగారు. ఏ ఇంట్లో ఎవరి పళ్ళమీద గోధుమరంగు చారలున్నాయి, ఎవరి కాళ్ళు వంగాయి అని పటం గీశారు. ఆ పటాన్ని అందరూ చూడాలని పంచాయతీ గోడకు అతికించారు. అధికారులు వచ్చి చూశారో లేదో తెలియదు. పెళ్ళిచూపులకని వచ్చినవాళ్ళు మాత్రం చూశారు. ఒక వీధిలో ఆడపిల్లల తల్లులు ఈనాటికీ ఆ పిల్లలకు మంచినీళ్ళు ఇవ్వరు. వాళ్ళ లెక్క తప్పు కాదు, ఉద్దేశం తప్పు కాదు. తప్పయింది గోడ. గోడకు అతికించేముందు "ఇది చూసి ఎవరికి నష్టం?" అని ఒక్కమాట అడిగేవారు పక్కన ఉంటే ఆ పటంలో ఇళ్ళ బదులు బోర్లు మాత్రమే ఉండేవి.

బోర్లైనా అంత సులువు కాదు. తాగేనీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ళు లేనిచోట ఒకటిన్నరదాకా ఓర్చుకోవచ్చునని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. మా కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో ఈ బాధ పాతది. దానికోసమే కావేరి నీళ్ళు తెచ్చే హొగెనకల్ పథకం కట్టారు, 2013లో అది ప్రారంభమయింది. అయినా బోర్లు మూతపడలేదు. ఒకడి బోరులో రెండున్నర వచ్చిందని నలుగురిలో చెబితే వాడి నీళ్ళు కొనేవాడు ఉండడు. పరీక్షించినవాడు వేరే కులంవాడైతే అది నీళ్ళ తగాదాగా మిగలదు. మూత్రంలో ఫ్లోరైడు చూద్దామని పోతే చక్కెర కనబడిందనుకోండి, ఆ సంగతి ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి, చెప్పి ఏ ఆసుపత్రికి పంపాలి? ఈ ప్రశ్నలకు ఉద్యమం పాటల్లో జవాబు ఉండదు. ఉత్సాహం ఉన్నవాడికి వీటిని ముందుగా నేర్పేవాడు కావాలి.

మూడో సంగతి, ఒకరి బదులు ఇంకొకరు ఒప్పుకోవడం. ఇందులో తెలుగువారికి ఒక పాఠం ఉంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకా వేసే ప్రదర్శన పథకం ఒకటి నడిచింది. 2010లో దాన్ని ఆపేశారు. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం, నేను దాని జోలికి పోవడంలేదు. ఒప్పుదల ఎలా తీసుకున్నారన్నదే నా విషయం. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, చూసిన 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టలు వార్డెన్లు సంతకాలు చేశారు. 1,948 పత్రాలమీద ఉన్నవి వేలిముద్రలు. పిల్ల ఒళ్ళు పిల్లది, తల్లి ఎక్కడో కొండకింద పల్లెలో ఉంది, సంతకం వార్డెనుది.

అది పెద్ద సంస్థలు చేసిన పని కదా అంటారు. అవును. మరి మన ప్రజాపరిశోధనలో ఊరిపెద్ద "మా వీధి అంతా ఒప్పుకున్నట్టే రాసుకోండి" అంటే అది వార్డెను సంతకం కాదా? సంఘం అధ్యక్షురాలు పాతికమంది సభ్యుల తరఫున తలూపితే అది ఏమిటి? బడిలో హెడ్మాస్టరు పిల్లలను వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమంటే అది ఏమిటి? చేసేవాడు మనవాడైనంత మాత్రాన పని మారదు.

ఇంకో ప్రమాదం కూడా వచ్చింది. 'పౌరవిజ్ఞానం' అన్న మాట అంగట్లోకి చేరింది. అమెరికాలో యూబయోమ్ అనే కంపెనీ 2012-13లో మామూలు జనంనుంచే చందాలు పోగుచేసి, వారి పేగుల్లోని సూక్ష్మజీవుల నమూనాలు పోగుచేసి, ఇది పౌరుల శాస్త్రమని చెప్పుకున్నది. నైతిక పరిశీలన ముందుగా ఎందుకు చేయించలేదని అప్పుడే విమర్శలు వచ్చాయి. 2019లో ఆ కంపెనీ కార్యాలయాల్లో పోలీసు సోదాలు జరిగాయి, అదే ఏడు దివాలా తీసింది. 2021లో దాని స్థాపకులమీద మోసం నేరారోపణలు వచ్చాయి. "ప్రజలే పరిశోధకులైతే నియమాలెందుకు" అనే మన ఆవేశపరులు, తెలియకుండానే, అటువంటి అంగడివాళ్ళకు తలుపు తీసి పెడుతున్నారు. నియమం లేనిచోట ముందుగా లోపలికి వచ్చేది పేదవాడు కాడు.

ఇప్పుడు మన సొంత గోడు, భాష.

ఐ.సి.ఎం.ఆర్. 2017 సూత్రాల్లో కమిటీలోని సామాన్య సభ్యుణ్ణి గురించి ఒక మంచి మాట ఉంది. ఆయన వైద్యరంగానికి చెందనివాడై ఉండాలి, స్థానిక భాష, ఆచారాలు, నైతిక విలువలు తెలిసినవాడై ఉండాలి. చాలా బాగుంది. నా ప్రశ్న ఒకటే. స్థానిక భాష అంటే ఏ భాష? హొసూరులో తమిళమా? బాగేపల్లిలో, పావగడలో కన్నడమా? బరంపురంలో ఒడియానా? సోలాపూరులో మరాఠీనా? రాష్ట్రభాషే స్థానిక భాష అని రాసుకుంటే, వందల ఏళ్ళుగా ఆ మట్టిలోనే ఉన్న మన అవ్వతాతల మాట ఏ భాష? మనల్ని ప్రవాసాంధ్రులంటే మనకు నచ్చదు. మనం ఎక్కడికీ ప్రవాసం పోలేదు, గీతలే మనమీదుగా పోయాయి. కాని ఒప్పుదల పత్రం దగ్గరకు వచ్చేసరికి మనం మన ఊళ్ళోనే పరాయివాళ్ళం.

సరే, తెలుగులో పత్రం తెప్పించండి అంటారు. నేను తెప్పించి చూశాను. హైదరాబాదు నుంచి వచ్చిన పత్రంలో "యాదృచ్ఛిక నమూనా", "మూత్రపిండ వైఫల్యం", "గోప్యత పరిరక్షణ" అని ఉంది. అవ్వ విని "ఇది ఏం భాష నాయనా" అని అడిగింది. తెలుగు అని చెప్పడానికి సిగ్గు వేసింది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మన ఇళ్ళల్లో తెలుగు నోటిది, చేతిది కాదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. మా పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు, తమిళ అక్షరాలు చదువుతారు. కర్ణాటకలో చాలా ఇళ్ళల్లో కన్నడ అక్షరాలతో ఇదే కథ. కాబట్టి తెలుగు లిపిలో అచ్చువేసి ఇచ్చి చేతులు దులుపుకుంటే అది కూడా మోసమే. మనకు కావలసింది నోటితో మన తెలుగులో చెప్పడం. చెప్పినదాన్ని విన్నవారు వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పగలిగేదాకా ఆగడం. ఇంట్లో చదివే పిల్లకు ఏ అక్షరాలు వస్తే ఆ అక్షరాల్లో ఒక కాగితం వదిలిపెట్టడం.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒప్పుదల అడిగే నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోగాని చదువుకొనే వీలు మనిషికి ఉండాలంటుంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. నువ్వు ఏ రాష్ట్రంలో ఉన్నావన్న ప్రశ్న అక్కడ లేదు. బాగుంది కదా అని సంతోషపడేలోపు, అదే చట్టం పరిశోధనకు, గణాంకాలకు షరతులమీద మినహాయింపు ఇచ్చింది. అంటే వస్తువులమ్మే వ్యాపారిని తెలుగులో చెప్పమని అడగవచ్చు. ఒంట్లో రక్తం అడిగినవాడు మాత్రం షరతులు చూపించి తప్పుకోవచ్చు. ఇదెక్కడి తూకం?

అయితే ఏం కావాలి అని అడగండి, చెబుతాను. మాకు కావలసింది కాపలావాడు కాదు, తోడు వచ్చేవాడు. ప్రతి జిల్లాలో వైద్యకళాశాల ఎథిక్స్ కమిటీలోని ఇద్దరు ముగ్గురు నెలకొక్కరోజు, రుసుము లేకుండా, ప్రోటోకాల్ కాగితం లేకుండా, పరిశోధన చేయదలచిన మామూలు జనంతో కూర్చోవాలి. పని మొదలుపెట్టకముందే కూర్చోవాలి. మధ్యలో చిక్కు వస్తే ఫోనెత్తాలి. ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు, ఏ పనికి పూర్తి కమిటీ ముందుకు రాక తప్పదు అన్నది మాటల్లో చెప్పి, ఒక పేజీలో రాసి ఇవ్వాలి. మందు ఇవ్వడం, సూది గుచ్చడం, పసిపిల్లలను తాకడం ఉంటే కఠినంగానే ఉండండి, మేము కాదనం. నీళ్ళసీసా పట్టుకొనే పనికి క్యాన్సరు మందు పరీక్షకు పెట్టే ఫారాలన్నీ పెట్టకండి.

మొహమాటానికి మందు ఉంది, అది పెద్ద శాస్త్రం కూడా కాదు. అడిగినవాళ్ళే సీసా తిరిగి తీసుకోకూడదు. ప్రతి ఇంటికీ మూత ఉన్న డబ్బా ఒకటి ఇవ్వండి. ఇష్టమున్నవాళ్ళు నమూనా వేసి, ఇష్టంలేనివాళ్ళు అంతే ఎత్తు మామూలు నీళ్ళు పోసి, అందరూ ఒకే పెట్టెలో పెడతారు. ఎవరు ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఊళ్ళో ఎవరికీ తెలియదు. నంబర్లకూ పేర్లకూ ఉన్న జాబితా ఊరి బయటి మనిషి దగ్గర, తాళం కింద ఉండాలి. అడిగినరోజే జవాబు తీసుకోకూడదు, ఒక రాత్రి ఇవ్వాలి. ఇంట్లో మాట్లాడుకొని మనసు మార్చుకొనే హక్కు ఆ రాత్రిదే. ఫలితం మొదట ఎవరి ఒంటిదో వారికి, తర్వాత ఊరికి, ఆ తర్వాతే పత్రికకూ కలెక్టరుకూ చేరాలి. పని చేసినవారు కోరితే వారి పేరు అచ్చులో ఉండాలి. యూరపులో పౌరవిజ్ఞాన సంఘం 2015లో పది సూత్రాలు ప్రకటించింది. అందులో పాల్గొన్నవారి పేరు చెప్పుకోవాలనీ, న్యాయపరమైన, నైతికమైన సంగతులు చూసుకోవాలనీ ఉంది. అక్కడివారికి మర్యాద అయినది ఇక్కడ దుబారా ఎలా అవుతుంది?

ఇన్ని పెడితే పని ఎప్పటికి సాగుతుంది అని ఆవేశపరులు విసుక్కుంటారు. విత్తేముందు దున్నడాన్ని రైతు ఎవడూ ఆలస్యం అనడు. ఇంత తేలిక చేస్తే శాస్త్రం చవకైపోతుందని గర్వపరులు ముక్కు చిట్లిస్తారు. వారికి నా జవాబు ఇది. మీరు తలుపు వేసినంతమాత్రాన జనం లెక్కలు రాయడం మానరు. సలహా లేకుండా రాస్తారు, అంతే. గోడమీద పటాలు ఇంకా పడతాయి. అప్పుడు జరిగే హానిలో మీ తలుపుకు కూడా వాటా ఉంటుంది.

చివరిగా మన పాఠకులకు ఒక విన్నపం. ఇది డాక్టర్ల విషయం, సాహిత్య పత్రికలో ఎందుకని ఎవరైనా అనుకుంటే, ఇందులో మనం తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటి ఉంది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక కూడా ఆ గుట్టల దుమ్ము కింద బతుకుతున్న తెలుగువారు ఉన్నారు. సోలాపూరులో మగ్గాల దగ్గర, బీడీల చేటల దగ్గర తెలుగు ఆడవాళ్ళు ఉన్నారు. గంజాం సరిహద్దులో, యానాంలో, మా హొసూరు బోర్ల చుట్టూ మనవాళ్ళు ఉన్నారు. వీళ్ళ ఒళ్ళు వీళ్ళే చదువుకొనే రోజు వస్తున్నది. ఆ రోజుకు ఒప్పుదల మాటలు ఎవరి తెలుగులో రాస్తారు? హైదరాబాదు, అమరావతి రాసి పంపేదాకా చూస్తూ కూర్చుందామా? కథలు రాసేవారు, మీ ఊరి నుడికారం తెలిసినవారు, ఒక్క పేజీ రాయండి. ఎందుకు అడుగుతున్నామో, ఏం తీసుకుంటామో, ఏం తిరిగి ఇస్తామో, వద్దంటే ఏమీ కాదని ఎలా చెప్పాలో మీ ఇంటి భాషలో రాయండి. మీ అవ్వకు చదివి వినిపించండి. విన్నాక ఆమె "నాకు వద్దులే నాయనా" అని జంకు లేకుండా అనగలిగితే, మరునాడు ఆ గడపలో మీకు ఎప్పటిలాగే మజ్జిగ దొరికితే, ఆ పేజీ పనికివచ్చినట్టు. అటువంటి పేజీలు నాలుగైదు చేరితే, వాటిని పట్టుకొని ఏ కమిటీ తలుపైనా తట్టడానికి దుబాసీగా నేను వస్తాను.